పదము - ప్రకరణము: కౌమార నవల ద్వారా శబ్దార్థ గ్రహణము

భాషాప్రవీణ తరగతిలో చేరిన విద్యార్థి మొట్టమొదట తడబడేది పదం దగ్గర. సూత్రాన్ని కంఠస్థం చేస్తాడు. సమాసానికి విగ్రహవాక్యం చెబుతాడు. పద్యానికి గణవిభజన చేస్తాడు. అదే పద్యంలోని ఒక పదాన్ని వేరొక వాక్యంలో నిలిపి అర్థమడిగితే మౌనం వహిస్తాడు. 'క్రింది పదములకు అర్థములు వ్రాయుము' అన్న ప్రశ్నకు నిండుగా మార్కులు తెచ్చుకొన్నవాడే ఆ పదాలున్న వచనఖండానికి తాత్పర్యం చెప్పలేకపోవడం ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు చిరపరిచితమైన విషయం. 'హయము అనగా గుఱ్ఱము' అని వ్రాసిన విద్యార్థి సొంతవాక్యం వ్రాయుమంటే 'జట్కాబండిని హయము లాగుచున్నది' అని వ్రాస్తాడు. ఆ వాక్యంలో వ్యాకరణదోషం లేదు, నిఘంటుదోషమూ లేదు. అయినా తెలుగు తెలిసినవాడెవడూ ఆ వాక్యం పలకడు.

ఈ లోపానికి కారణం కంఠస్థపద్ధతియేనని కొందరు, కంఠస్థపద్ధతి సడలిపోవడమేనని మరికొందరు చెబుతున్నారు. ఈ రెండు పక్షాలూ సగం సత్యాన్నే చెబుతున్నాయి. అసలు లోపం పదాన్ని దాని ప్రకరణం నుంచి వేరుచేసి బోధించడంలో ఉన్నది. కౌమారవయస్కుల కోసం వ్రాసిన వచనకథను, అనగా సులభమైన నవలను, పదబోధకు సాధనంగా ప్రాచ్య కళాశాలలు స్వీకరించవలసి ఉన్నది. ఈ సూచన నవీనమైనదిగా కనిపించవచ్చును. దీనికి ఆధారం శాస్త్రంలోనే ఉన్నది.

అమరంతోపాటు పోయినది

పూర్వపు విద్యాక్రమంలో బాలుడు శబ్దమంజరితోపాటు అమరకోశాన్ని వల్లించేవాడు. మూడు కాండల ఆ గ్రంథాన్ని అర్థం పూర్తిగా తెలియకముందే నోటికి పట్టించేవారు. ఈ పద్ధతిని ఎగతాళి చేసేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. అమరం నోటికి వచ్చిన బాలుడి చేత గురువు వెంటనే రఘువంశం చదివించేవాడు. కోశంలో వరుసగా నిలిచిన పర్యాయపదాలు కావ్యంలో ఒక్కొక్కటిగా, ఒక్కొక్క సన్నివేశంలో ఎదురయ్యేవి. కోశం పదాన్ని ఇచ్చింది. కావ్యం ఆ పదానికి చోటు చూపించింది. ఈ రెండు అంగాలూ కలిసినదే ఆ విద్య.

తెలుగులోనూ ఇట్టి క్రమమే నడిచింది. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక తరతరాల విద్యార్థులకు వచనపాఠ్యంగా ఉండి, కథతోపాటు పదాన్ని నేర్పింది. మిత్రలాభ మిత్రభేద కథలు చదివినవారికి ఆ గ్రాంథికపదాలు జంతువుల సంభాషణలలో కలిసి గుర్తుండిపోయాయి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడినప్పుడు దానిని విప్పి చూచిన చదువరి అప్పటికే ఆ పదాన్ని ఎక్కడో చదివి, సందేహం తీర్చుకొనడానికి నిఘంటువు దగ్గరకు వచ్చినవాడు. నిఘంటువు సందేహనివృత్తికి పుట్టినది. సందేహమే పుట్టనివాడికి అది పదాల పోగు మాత్రమే.

నేటి స్థితి వేరు. అమరం వల్లించడం చాల చోట్ల నామమాత్రమైనది. కావ్యం పరీక్షకు నిర్ణయించిన కొన్ని పద్యాలకు పరిమితమైనది. ఈ రెండింటి స్థానంలోకి గైడు వచ్చింది. ఎడమవైపు పదం, కుడివైపు అర్థం, నడుమ ఒక గీత. అమరంలో పదం కనీసం తన వర్గంలో, తన బంధువుల నడుమ ఉండేది. స్వర్గవర్గంలోని పదం స్వర్గవర్గంలోనే గుర్తుకు వచ్చేది. గైడులోని పదానికి ఆ బంధుత్వం కూడ లేదు. కనుక నేటి దోషాన్ని అమరానికి అంటగట్టడం అన్యాయం.

శాస్త్రం చూపిన ఎనిమిది మార్గాలు

పదానికి అర్థంతో గల సంబంధాన్ని, అనగా శక్తిని, తెలుసుకొనే మార్గాలను గూర్చి నైయాయికులు విపులంగా చర్చించారు. విశ్వనాథ పంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళి చదివిన ప్రతి విద్యార్థికీ శక్తిగ్రహోపాయాలను లెక్కించే ప్రసిద్ధకారిక తెలిసినదే. వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివృతి, సిద్ధపదసాన్నిధ్యం అని అవి ఎనిమిది. వీటిలో కోశం ఒకటి మాత్రమే. వ్యవహారం, వాక్యశేషం, సిద్ధపదసాన్నిధ్యం అనే మూడు పదం ప్రయుక్తమైన సందర్భాన్ని ఆశ్రయించి అర్థాన్ని ఇచ్చేవి. శాస్త్రం ఎనిమిది ద్వారాలు తెరిచి ఉంచగా తరగతి గది ఒక్క ద్వారంలోనుంచే విద్యార్థిని లోనికి పంపుతున్నది.

సిద్ధపదసాన్నిధ్యానికి శాస్త్రకారులు చూపే ఉదాహరణ అందరికీ తెలిసినదే. మామిడిచెట్టుమీద పికం మధురంగా కూస్తున్నదన్న వాక్యాన్ని విన్నవాడికి 'పిక' శబ్దం తెలియకపోయినా, మామిడిచెట్టు, మాధుర్యం, కూత అనే తెలిసిన పదాలు ప్రక్కన ఉండడం చేత అది కోకిల అని తోస్తుంది. వాక్యశేషానికి యవశబ్దం ఉదాహరణ. యవలంటే యవధాన్యమా, కొఱ్ఱలా అన్న సందేహం కలిగినప్పుడు, తక్కిన ఓషధులు వాడిపోయే కాలంలో ఇవి కళకళలాడుతుంటాయన్న తరువాతి వాక్యభాగం వల్ల మొదటి అర్థమే నిర్ణయమైనది. ఒక పుట చదివి, అర్థం కాని పదం దగ్గర ఆగక, తరువాతి పుటలో దాని అర్థాన్ని పట్టుకొనే నవలాపాఠకుడు చేస్తున్నది ఈ పనియే.

అన్నింటికంటె ముఖ్యమైనది వ్యవహారం. ఉత్తమవృద్ధుడు 'ఆవును తీసుకొనిరా' అంటాడు. మధ్యమవృద్ధుడు తీసుకొని వస్తాడు. ప్రక్కనున్న బాలుడు చూస్తాడు. ఆ ఒక్క వాక్యం వల్ల బాలుడికి తెలిసేది ముద్దగా ఉన్న ఒక అర్థం మాత్రమే. తరువాత 'ఆవును కట్టివేయి', 'గుఱ్ఱాన్ని తీసుకొనిరా' అన్న వాక్యాలు వినగా, ఒక పదం పోయి మరొక పదం వచ్చినప్పుడు క్రియలో ఏమి మారినదో చూచి, ఏ పదానికి ఏది అర్థమో విడదీసుకొంటాడు. దీనినే ఆవాపోద్వాపమన్నారు. ఇందులో బోధనకు సంబంధించిన గొప్ప సూక్ష్మం ఉన్నది. పదార్థం తెలియాలంటే ఒక్క ప్రయోగం చాలదు. ఆ పదం పలు వాక్యాలలో, పరిసరాలు మారుతూ, మళ్ళీ మళ్ళీ ఎదురుకావాలి. పదాలు ముందు తమ అర్థాలను చెప్పి తరువాత అవి అన్వయిస్తాయన్న భాట్టులూ, అన్వితమైన అర్థాన్నే పదం చెబుతుందన్న ప్రాభాకరులూ అభిహితాన్వయ అన్వితాభిధాన వాదాలలో ఎంత విభేదించినా, బాలుడికి తొలివ్యుత్పత్తి వృద్ధవ్యవహారం వల్లనే అన్న విషయంలో వారికి వివాదం లేదు.

అనేకార్థకపదాల విషయంలో భర్తృహరి వాక్యపదీయం సంసర్గం, విప్రయోగం, సాహచర్యం, ప్రకరణం, ఔచితి, దేశం, కాలం మొదలైన నిర్ణయహేతువులను లెక్కించింది. భోజనసమయంలో సైంధవం తెమ్మంటే ఉప్పు, ప్రయాణసమయంలో తెమ్మంటే గుఱ్ఱం. ఈ ఉదాహరణను పరీక్షలో వ్రాయని అలంకారశాస్త్ర విద్యార్థి ఉండడు. ఆ సూత్రాన్ని తన పదబోధకు అన్వయించుకొన్న తరగతి మాత్రం అరుదు.

పాశ్చాత్యుల ప్రయోగాలు

శాస్త్రకారులు శక్తి ఎట్లు తెలియునని విచారించారు. ఆధునిక మనోవైజ్ఞానికులు ఎన్ని పదాలు, ఎంతకాలంలో, ఎంతవరకు తెలియునని లెక్కించారు. ఈ రెండు విచారాల ప్రయోజనాలు వేరు. ఒకదానిలో మరొకటి ముందే ఉన్నదని చెప్పనవసరం లేదు. అయినా రెండవదాని ఫలితాలు మొదటిదాని మాటలకు ఎట్లు సరిపడుతున్నాయో పరిశీలించదగినది.

ఆంగ్లరచయిత ఆంథొనీ బర్జెస్ 1962లో 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' అనే నవల ప్రకటించాడు. అందులో కథ చెప్పే కుఱ్ఱవాడు ఒక విచిత్రపరిభాషలో మాట్లాడుతాడు. ఆ పదాలలో ఎక్కువభాగం రష్యన్ భాషనుంచి తీసికొన్నవి. సాధారణమైన ఆంగ్లపాఠకుడికి అవి పూర్తిగా అపరిచితాలు. 1978లో సరాగి, నేషన్, మైస్టర్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ నవలను మాతృభాష ఆంగ్లమైన కొందరు పెద్దల చేత పదార్థపట్టిక ఇవ్వకుండ చదివించారు. పదాల మీద పరీక్ష ఉంటుందని ముందుగా చెప్పలేదు. చదవడం ముగిసిన తరువాత 90 పదాలకు అర్థాలు గుర్తించుమనగా సగటున నూటికి 76 వంతులు సరిగా గుర్తించారు. ఆ పరిభాషాపదాలు నవలలో సగటున 15 సార్లు పునరావృత్తమయ్యాయి. ఆవాపోద్వాపానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం దొరకడం కష్టం.

ఈ ఫలితాన్ని చూచి తొందరపడరాదు. 1989లో పిట్స్, వైట్, క్రాషెన్ అదే నవలలోని కొంతభాగాన్ని ఆంగ్లం రెండవభాషగా నేర్చుకొనేవారి చేత చదివించగా వారు నేర్చుకొన్న పదాలు చాల కొద్దిగా ఉన్నాయి. 1985లో నాగీ, హెర్మన్, ఆండర్సన్ చేసిన పరిశోధన ఒక పదం ఒకసారి ఎదురైనంత మాత్రాన కలిగే లాభం స్వల్పమేనని, అయినా అది నిజమైన లాభమేనని తేల్చింది. ప్రాచ్య కళాశాలలకు ఇందులో హెచ్చరిక ఉన్నది. తెలుగు మాతృభాషగా గల విద్యార్థికి తెలుగు నవల చేసే మేలు, అతనికి సంస్కృతవచనం అదే వేగంతో చేయదు. అక్కడ గురువు చేయూత మరింత కావాలి.

మరొక లెక్క ఇంకా ముఖ్యమైనది. 2000 సంవత్సరంలో హు, నేషన్ ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఒక కథను ఇతరుల సహాయం లేకుండ చదివి గ్రహించాలంటే అందులోని పదాలలో నూటికి సుమారు 98 పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. అనగా 200 పదాలున్న పుటలో తెలియని పదాలు నాలుగుకు మించరాదు. ఈ లెక్కతో ఒక ప్రబంధపద్యాన్ని చూస్తే తరగతి గదిలోని కష్టం వెంటనే బోధపడుతుంది. పద్యంలో సగం పదాలు తెలియనివైనప్పుడు ఏ పదం ప్రక్కన ఏ పదం సిద్ధమై ఉన్నదని సాన్నిధ్యం పనిచేస్తుంది? సిద్ధపదాలే లేనిచోట సిద్ధపదసాన్నిధ్యం ఎక్కడిది? అందుచేత ప్రబంధానికి కోశమూ, వివృతిరూపమైన టీకయే శరణ్యం. కౌమార నవలలో పది పదాలు తెలిసి ఒక పదం తెలియని వాక్యాలు ఉంటాయి. సందర్భంలోనుంచి అర్థాన్ని పట్టే నేర్పును అక్కడ అభ్యసించినవాడే తరువాత ప్రబంధం ముందు నిలువగలడు.

తెలుగులో ఉన్న సామగ్రి

ఇట్టి సామగ్రి తెలుగులో కావలసినంత ఉన్నది. 1947 జూలైలో ఆరంభమైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ధారావాహికలు కౌమారవయస్కుల నవలలే. తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు అనే ఆ పేర్లను వరుసగా చదివితే ఒక చిన్న పదపాఠం పూర్తి అవుతుంది. 'భల్లూకం' అన్న పదానికి అర్థం ఏ ఉపాధ్యాయుడూ చెప్పనక్కరలేకపోయింది. కథ చెప్పింది, ప్రక్కనున్న చిత్రం చూపించింది. దేవాలయం, విద్యాలయం అన్న పదాలు ముందే తెలిసిన బాలుడు శిథిలాలయం అన్న పేరు చూచి, మారనిభాగం ఏదో మారినభాగం ఏదో తనంత తానే గుర్తించాడు. మానససరోవరం విన్నవాడు మాయాసరోవరంలో ఏది సరోవరమో తెలుసుకొన్నాడు. సమాసచ్ఛేదం వ్యాకరణతరగతికి ముందే అక్కడ జరిగింది. నెలకొకసారి వచ్చే పత్రికలో అదే కథ సాగడం చేత అవే పదాలు నెలనెలా తిరిగి వచ్చేవి. చివరకు 'ధారావాహిక' అన్న పదాన్ని కూడ ఎందరో ఆ పత్రికలోనే నేర్చుకొన్నారు. 2013 నాటికి చందమామ ప్రచురణ నిలిచిపోయింది. అంతవరకు ఇంటివద్ద వేతనం లేకుండ జరిగిపోయిన పదబోధ అంతా ఇప్పుడు పాఠశాల మీద, ఆ పాఠశాలకు పండితులను పంపే ప్రాచ్య కళాశాల మీద పడ్డది.

ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు మరొక విధమైన ఉదాహరణ. అందులోని 'జాటర్ ఢమాల్' అన్న మాట ఏ నిఘంటువులోనూ లేదు. అయినా పుస్తకం చదివినవారెవరికీ దాని భావం తెలియకపోలేదు. సందర్భం అర్థాన్ని ఎంతవరకు ఇవ్వగలదో తెలుసుకొనడానికి, అర్థమే నిర్ణీతం కాని ఇట్టి పదాలు మంచి పరీక్ష.

కోశం చెప్పలేనిది, ప్రకరణం మాత్రమే చెప్పగలది మరొకటి ఉన్నది. అది పదం యొక్క ఔచితి. కన్ను, నేత్రం, నయనం, చక్షువు పర్యాయపదాలని కోశం చెబుతుంది. తెలుగువాడు నేత్రదానం అంటాడు, నయనదానం అనడు. నయనానందకరం అంటాడు, నేత్రానందం అన్నా చెల్లుతుంది గాని కన్నానందం అనడు. ప్రజ్ఞాచక్షువు అంటాడు, ప్రజ్ఞానయనం అనడు. కంటిచూపు మందగించింది అంటాడు. ఈ నియమాలను చెప్పే సూత్రం ఏ వ్యాకరణంలోనూ లేదు. వందల పుటల వచనం చదివినవాడి చెవిలో మాత్రమే అవి ఉంటాయి. జట్కాబండికి హయాన్ని కట్టిన విద్యార్థికి లోపించినది ఆ చెవి.

సంస్కృతాంధ్రాలు రెండూ చదివే విద్యార్థికి ఈ అవసరం రెట్టింపు. ఒకే శబ్దం రెండు భాషలలో రెండర్థాలు చెబుతుంది. ఆలస్యమంటే సంస్కృతంలో సోమరితనం, తెలుగులో జాగు. ఉద్యోగమంటే అక్కడ ప్రయత్నం, ఇక్కడ కొలువు. అభ్యంతరమంటే అక్కడ లోపలిభాగం, ఇక్కడ ఆక్షేపణ. శిక్ష అంటే అక్కడ విద్య, ఇక్కడ దండన. రైలు రెండు గంటలు ఆలస్యమైనదన్న తెలుగువాక్యాన్ని అదే పదంతో సంస్కృతీకరించిన విద్యార్థి రైలును సోమరిని చేస్తాడు. అక్కడ కావలసినది విలంబశబ్దం. పట్టిక వల్లించినవాడికి ఈ భేదం పట్టుబడదు. రెండు భాషలలోనూ కథలు చదివినవాడికి ఈ భేదం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

సందర్భం తప్పుదారి పట్టించినప్పుడు

ఈ పద్ధతికి గల దోషాలను దాచడం శాస్త్రవిచారానికి తగదు. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టరు పార్వతీశం మొదటిభాగం 1924లో వెలువడింది. మొగల్తూరు కుఱ్ఱవాడు బారిస్టరు చదువుకు సీమకు బయలుదేరి, దారిలో స్త్రీలు ధరించే టోపీని తనకోసం కొనుక్కొంటాడు. దొరలు టోపీలు పెట్టుకొంటారన్న సామాన్యాన్ని అతడు సరిగానే గ్రహించాడు. విశేషం తెలియలేదు. సందర్భాన్ని మాత్రమే నమ్ముకొన్న పాఠకుడి గతి కూడ ఒక్కొక్కసారి ఇంతే. పదం ఏ జాతికి చెందినదో పట్టుబడుతుంది. ఆ జాతిలో అది ఏదో పట్టుబడదు.

బెక్, మెక్‌కియోన్, మెక్‌కాస్లిన్ అనే పరిశోధకులు 1983లోనే ఈ సంగతిని విశదం చేశారు. సందర్భాలన్నీ ఒక్కటి కావు. కొన్ని అర్థాన్ని స్పష్టంగా చూపుతాయి, కొన్ని స్థూలంగా చూపుతాయి, కొన్ని ఏ దారీ చూపవు, కొన్ని తప్పుదారి పట్టిస్తాయి. తెలుగులో దీనికి మంచి ఉదాహరణ 'నిర్విణ్ణుడు' అన్న పదం. 'ఆ వార్త విని నిర్విణ్ణుడైనాడు' అన్న వాక్యంలో అది ఆశ్చర్యమో, దుఃఖమో, భయమో తేల్చేది ఏదీ లేదు. నివ్వెరపాటుతో ధ్వనిసామ్యం కూడ ఉండడం చేత ఆ పదాన్ని ఆశ్చర్యార్థంలో వాడేవారు ఏర్పడ్డారు. నిర్వేదం పొందినవాడు, విరక్తుడు అన్నది దాని అర్థం. 'పది రోజులుగా అన్నం ముట్టక, ఎవరినీ పలకరింపక, ఇక ఈ సంసారం చాలునని నిర్విణ్ణుడై అరుగుమీద కూర్చున్నాడు' అన్న వాక్యమైతే అర్థాన్ని చేతిలో పెట్టినట్లుండేది. కనుక విద్యార్థి ఊహకు కోశం చేత పరీక్ష జరుగవలసినదే. వ్యాకరణం చేతకూడ జరుగవలసినదే. నిర్విణ్ణ, నిర్వేద శబ్దాల బంధుత్వం వ్యాకరణమే చెబుతుంది.

శాస్త్రపరిభాష సంగతి వేరు. అవచ్ఛేదకమంటే ఏమిటో, వ్యాప్తి అంటే ఏమిటో నవల చదివి ఎవరూ తెలుసుకొనలేరు. అక్కడ ఆప్తవాక్యమే, అనగా గురుముఖమే, ప్రమాణం. అట్లే నూరేండ్ల నాటి నవలలోని గృహోపకరణాల పేర్లు, మాండలికపదాలు కొన్ని నేటి విద్యార్థికి సందర్భం వల్ల కూడ తెలియవు. ఆ వస్తువే అతడెరుగడు. వాటిని అధ్యాపకుడు ముందుగానే చెప్పివేయడం మేలు. నవల కోశానికి శత్రువు కాదు, గురువుకు ప్రత్యామ్నాయమూ కాదు. ఎనిమిది ఉపాయాలలో మూసివేసిన మూడింటిని అది తెరుస్తుంది.

ఆచరణ

ఆచరణలో ఇది పెద్ద వ్యయప్రయాసలు కోరే సంస్కరణ కాదు. ఉపవాచకం అన్న స్థానం పాఠ్యప్రణాళికలకు కొత్తది కాదు. అక్కడ ఒక కౌమార నవలను ఉంచి, దానిని ప్రశ్నోత్తరాల పుస్తకంగా మార్చకుండ ఉండడమే కావలసినది. నవల ఎన్నికలో ఒక్క నియమం చాలు. ఏదో ఒక పుట తెరిచి చదివించినప్పుడు సగటు విద్యార్థి నాలుగైదు పదాలకు మించి ఆగరాదు.

విద్యార్థి తన నోటుపుస్తకంలో పదం, అది వచ్చిన వాక్యం, తన ఊహ, ఆ ఊహకు ఆధారమైన ప్రక్కపదం, చివరగా కోశం చెప్పిన అర్థం అని ఐదు గడులు గీసుకొనవలె. ఇందులో వరుస ముఖ్యం. కోశాన్ని ముందు చూచినవాడికి ఊహించే పని ఉండదు. ఊహించి, కోశంతో సరిచూచుకొని, తప్పితే ఎందుకు తప్పినదో తెలుసుకొన్నవాడు ఆ పదాన్ని మరువడు. అదే పదం మరొక అధ్యాయంలో ఎదురైనప్పుడు రెండవ వాక్యాన్ని కూడ దాని క్రింద వ్రాయించవలె. ఆవాపోద్వాపం కాగితం మీద కనిపించే పద్ధతి ఇదే. న్యాయతరగతిలో ఈ ఎనిమిది ఉపాయాలను బోధించే అధ్యాపకుడు తెలుగు తరగతిలోని ఈ నోటుపుస్తకాన్నే ఉదాహరణగా చూపవచ్చును. శాస్త్రమూ సాహిత్యమూ ఒకే విద్యార్థి చేతిలో కలుసుకొంటాయి. సంస్కృతం వైపు సంస్కృత చందమామ సంచికలు, అంబికాదత్త వ్యాసుని శివరాజవిజయంలోని సులభఘట్టాలు ఈ పనికి ఉపకరిస్తాయి. అక్కడ వేగం తక్కువగా, టీక ఎక్కువగా ఉండవలె.

పరీక్ష మారనిదే ఏదీ మారదన్నది అధ్యాపకులందరి అనుభవం. విడిపదాలకు అర్థాలడిగే ప్రశ్న ఉన్నంతకాలం గైడు ఉంటుంది. దాని స్థానంలో, విద్యార్థి పూర్వం చూడని ఒక చిన్న వచనఖండం ఇచ్చి, అందులో గీతగీసిన నాలుగు పదాలకు అర్థమూ, ఆ అర్థానికి ఆధారమూ వ్రాయుమనవలె. అర్థం కొంచెం తప్పినా ఆధారం సమంజసంగా చూపినవాడికి సగం మార్కులు ఇవ్వవలె. అట్టి ప్రశ్నకు ఏ గైడూ ముందుగా సమాధానం ముద్రించలేదు. మూల్యాంకనం చేసేవారికి శ్రమ పెరుగుతుందన్న ఆక్షేపం నిజమే. ఆ శ్రమ నాలుగు పదాలకు మాత్రమే.

ప్రాచ్య కళాశాల విద్యార్థులలో చాలమంది రేపు తెలుగు పండితులు. వారు నేర్చుకొన్న పద్ధతినే వారు నేర్పుతారు. నల్లబల్ల మీద పది పదాలు, పది అర్థాలు వ్రాసి, పిల్లల చేత ఐదేసి సార్లు వ్రాయించి, ఆ గంట గడిపే పండితుడు దుష్టుడు కాడు. అతనికి తెలిసిన తెలుగు అంతే. ఆ తరగతిలోని పిల్ల తెలుగంటే వ్రాసి చూపవలసిన పట్టిక అనుకొంటుంది. 'ఆ మాట ప్రక్కన ఏ మాట ఉన్నదో చూచావా? ఇప్పుడు చెప్పు, ఏమై ఉంటుంది?' అని అడుగగల పండితుణ్ణి ఆ తరగతికి పంపగలిగితే, ఆ పిల్ల మరుసటిరోజు కథలో ముందుపుట తిప్పి చూస్తుంది.